గుర్రానికి దాణా, గుడికి ఫాళో

సూరత్ నుంచి డుమస్ వైపు వెళ్ళినా, కామ్రేజ్ వైపు వెళ్ళినా, నవసారి దారి పట్టినా పొలాల మధ్య వీకెండ్ హోమ్ పథకాల బోర్డులు కనిపిస్తాయి. కొన్నిటి మీద గుర్రం బొమ్మ ఉంటుంది. ఊరికి దూరంగా చెట్ల మధ్య ఇల్లు, పొద్దున్నే గుర్రపు స్వారీ. నగరంలో నాలుగు డబ్బులు చేసుకున్న వ్యాపారికి ఇదొక కొత్త ముచ్చట. కొనేవాళ్ళు ధర అడుగుతారు, నీళ్ళు, కరెంటు అడుగుతారు, ఇంటి ముఖం ఏ దిక్కుకో తప్పకుండా అడుగుతారు. నియమావళి కాపీ ఇమ్మని అడిగేవాళ్ళు తక్కువ. నెలనెలా ఎంత కట్టాలి, అది దేనికి, పెంచే అధికారం ఎవరిది అన్నవి దస్తావేజు అయ్యాక గాని తెలియవు.

హేతువాదులకు గుర్రాల కాలనీతో పనేమిటి అని అడగొచ్చు. ఉంది. రుజువు భారం ఎవరి మీద ఉంటుంది అన్నది మనం నేర్చుకున్న మొదటి పాఠం. దేవుడున్నాడు అన్నవాడే రుజువు చూపాలి గాని, ఏదీ చూపించు అన్నవాడు కాదు. దేవుడి విషయంలో ఇంత గట్టిగా మాట్లాడే మనవాళ్ళు హౌసింగ్ సొసైటీ గేటు లోపలికి వచ్చేసరికి మెత్తబడిపోతారు. అక్కడ "ఇది రూలు" అంటే చాలు. రూలు ఎందుకు పెట్టారని అడిగినవాడే దోషి. నా అభిప్రాయం ఒక్కటే. నియమం పెట్టేవాడు కారణం చూపాలి, డబ్బు అడిగేవాడు లెక్క చూపాలి. ఎంత మెజారిటీతో తీర్మానించినా ఈ బాధ్యత తప్పదు.

ముందు భూమి సంగతి చెప్పాలి. గుజరాత్ లో వ్యవసాయదారుడు కానివాడు వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. 1948 నాటి కౌలుదారీ చట్టం 63వ సెక్షన్ ఇప్పటికీ అమల్లో ఉంది. కాబట్టి సూరత్ లో మగ్గం నడిపే తెలుగువాడికి "ఫామ్ హౌస్" అని అమ్ముతున్నది ఎన్.ఎ. అయిన భూమేనా, ఇంకా సాత్-బార కాగితంలో పొలంగానే ఉందా అన్నది చూసుకోవలసిన మొదటి విషయం. పొలంగానే ఉంటే గుర్రం సంగతి దేవుడెరుగు (అలవాటుగా వచ్చిన మాట, క్షమించాలి), ఇల్లే అతనిది కాదు.

నిజమైన గుర్రాల ఊరు ఎలా ఉంటుందో చూడాలంటే అమెరికాకు వెళ్ళాలి. కాలిఫోర్నియాలో లాస్ ఏంజెలెస్ దగ్గర రోలింగ్ హిల్స్ అనే ఊరుంది. 1936లో నివాసుల సంఘంగా మొదలై, 1957లో మునిసిపాలిటీ అయింది. ఊరంతటికీ గేట్లు. ఇళ్ళన్నీ ఒకే అంతస్తు, తెల్ల రంగు. కంచె అంటే మూడు అడ్డకర్రల తెల్ల కంచె. గుర్రం ఉన్నా లేకపోయినా ప్రతి స్థలంలో గుర్రపు శాలకూ దొడ్డికీ జాగా వదలాలి. గుర్రాలు నడిచే బాటలు ఇళ్ళ స్థలాల గుండా వెళతాయి, వాటిని ఎవరూ మూసెయ్యకూడదు.

ఈ నియమాలను ఒక్కొక్కటిగా పట్టుకుని "ఎందుకు" అని అడిగి చూడండి. బాటలు మూసెయ్యకూడదు. ఎందుకంటే ఒక్కడు మూసినా మిగతావారందరికీ దారి పోతుంది. ఇది సరైన కారణం. ముళ్ళ తీగకు బదులు అడ్డకర్రలు. బెదిరిన గుర్రం తీగకు తగులుకుని ఒళ్ళు చీల్చుకుంటుంది గనుక. ఇదీ సరైనదే. మరి తెల్ల రంగు? చీకట్లో కనపడుతుందని ఎవరైనా అంటారేమో. ఇంటి గోడకు కూడా తెల్ల రంగే వెయ్యాలన్నప్పుడు ఆ కారణం నిలవదు. అది చూపుల కోసం పెట్టిన రూలు. చూపుల కోసం రూలు పెట్టుకోవడం నేరం కాదు. కాని దాన్ని చూపుల కోసమే అని ఒప్పుకోవాలి. శాస్త్రం ముసుగు వెయ్యకూడదు. వాస్తువాళ్ళు చేసే పని అదే గదా. ముందు నియమం, తర్వాత దానికి గాలీ వెలుతురూ అంటూ ఒక కారణం.

ఆ ఊరి ఖరీదైన ఇళ్ళకు 2024లో మరో అనుభవం ఎదురైంది. ఆ ప్రాంతంలో కొండ కింది నేల జారడం ఎక్కువై, కొన్ని ఇళ్ళకు గ్యాస్, కరెంటు నిలిపివేశారు. కంచె రంగు దాకా రాసిపెట్టుకున్నవాళ్ళ నియమావళిని నేల చదవలేదు.

రుజువు భారం అన్నాను గదా, అది కోర్టు దాకా వెళ్ళిన సందర్భం కూడా కాలిఫోర్నియాదే. ఒక అపార్ట్ మెంటు సముదాయంలో ఒకావిడ ఇంట్లోనే మూడు పిల్లుల్ని పెంచుకుంది. నియమావళిలో పెంపుడు జంతువులు నిషేధం. ఆమెకు జరిమానా వేశారు. నా పిల్లులు బయటికే రావు, ఎవరికీ ఇబ్బంది లేదు అని ఆమె వాదన. 1994లో ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు ఆమె వాదన ఒప్పుకోలేదు. దస్తావేజుల్లో నమోదైన నియమం సమంజసమైనదనే అనుకోవాలి, కాదన్నవాళ్ళే రుజువు చెయ్యాలి, అదీ ఆమె పిల్లుల్ని బట్టి కాదు, మొత్తం సముదాయాన్ని బట్టి అంది. అంటే రుజువు భారాన్ని తిరగేసింది. తర్వాత చట్టసభ కల్పించుకుని, కనీసం ఒక పెంపుడు జంతువును ఉంచుకునే హక్కు ఇస్తూ చట్టం చేసింది. కోర్టుకు ఏం కారణం ఉన్నా, మనం ఆ తిరగేసిన తర్కాన్ని ఒప్పుకోనక్కర్లేదు. పాతది గనుక సరైనది, అందరూ ఒప్పుకున్నారు గనుక సరైనది అన్న వాదనలు మనం రోజూ ఎదుర్కొనేవే.

ఇక డబ్బు విషయం. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అని మన సామెత. కామర్స్ చదివినవాడు దీన్నే స్థిర వ్యయం అంటాడు. కారును షెడ్డులో పెడితే పెట్రోలు ఖర్చు ఆగుతుంది. గుర్రాన్ని శాలలో కట్టేస్తే ఏమీ ఆగదు. మామూలు గుర్రం రోజుకు తన బరువులో నూటికి రెండు వంతుల దాకా మేత తింటుంది. అయిదు వందల కిలోల గుర్రం ఇరవై కిలోలకు పైగా పేడ వేస్తుంది, అది ఎత్తకపోతే ఈగలు. ఆరేడు వారాలకోసారి నాడాలు మార్చాలి. సైసుకు జీతం ఇవ్వాలి, పశువైద్యుడు రావాలి. గ్లాండర్స్ లాంటి జబ్బు గుర్రం నుంచి మనిషికి కూడా సోకుతుంది. అది సోకిందని తేలితే గుర్రాన్ని చంపెయ్యడం తప్ప మార్గం లేదు. సైన్యంలో గుర్రాలకూ కంచర గాడిదలకూ ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. అక్కడ ప్రతి జంతువుకూ ఇంత దాణా అని స్కేలు ఉంటుంది, దాన్ని మించితే ఆడిటరు అడుగుతాడు. రక్షణ శాఖ లెక్కల్లో ఉద్యోగ జీవితమంతా గడిపినవాణ్ణి గనుక నాకిది సహజంగా కనిపిస్తుంది. వీకెండ్ హోమ్ లో గుర్రానికి స్కేలూ లేదు, ఆడిటరూ లేడు. "క్లబ్ హౌస్ మరియు ఇతర సౌకర్యాలు" అని ఒకే పద్దు.

ఒక ఉదాహరణ ఊహిద్దాం. నూరు ప్లాట్లు, నాలుగు గుర్రాలు. శాల ఖర్చు నెలకు లక్షా ఇరవై వేలు అనుకోండి. అందరికీ పంచితే ప్లాటుకు 1,200 రూపాయలు. ఎక్కేవాళ్ళు పదిహేను కుటుంబాలే అయితే, వాళ్ళే భరించాలంటే తలా 8,000. తేడా 6,800. ఆ తేడాను ఎక్కని ఎనభై అయిదు కుటుంబాలు భర్తీ చేస్తున్నాయి. అది వాళ్ళకు తెలిసి చేస్తే ఉదారత. తెలియకుండా చేయిస్తే దానికి వేరే పేరుంది.

పైగా పన్ను. సొసైటీ వార్షిక టర్నోవరు 20 లక్షలు దాటి, సభ్యుడి నెల మెయింటెనెన్స్ 7,500 రూపాయలు మించితే 18 శాతం జి.ఎస్.టి. పడుతుంది. మించితే మొత్తం మీద పన్ను అని 2019లో కేంద్రం సర్క్యులర్ ఇచ్చింది. కాదు, మించిన భాగం మీదే అని 2021లో మద్రాసు హైకోర్టు చెప్పింది. సర్క్యులర్ ప్రకారం లెక్క వేస్తే, 7,000 కట్టే ఇంటికి గుర్రపు 1,200 కలిపితే 8,200, దాని మీద పన్ను 1,476. గుర్రాన్ని ఎన్నడూ ముట్టని మనిషికి గుర్రం వల్ల పడిన అదనపు భారం 2,676. ఈ లెక్క సర్వసభ్య సమావేశంలో ఎవరైనా చెబుతారా?

గుజరాత్ సొసైటీల్లో అందరికీ తెలిసిన మరో వసూలు ట్రాన్స్ ఫర్ ఫీజు. ఇల్లు అమ్మితే సొసైటీకి ఇంత కట్టు అనడం. రిజిస్టరులో ఒక పేరు కొట్టేసి మరో పేరు రాయడానికి ఎంత ఖర్చవుతుంది? ఈ ప్రశ్నకు కమిటీలు సమాధానం చెప్పిన పాపాన పోలేదు. ఇవ్వకపోతే ఎన్.ఓ.సి. ఇవ్వరు, అంతే. మహారాష్ట్ర 2001లోనే 25,000 రూపాయల గరిష్ఠ పరిమితి పెట్టింది. గుజరాత్ ప్రభుత్వానికి ఆ పని చెయ్యడానికి 2024 దాకా పట్టింది. ఇప్పుడు అమ్మకపు ధరలో అర శాతం లేదా లక్ష రూపాయలు, ఏది తక్కువైతే అది. వారసులకు బదిలీ అయితే ఏమీ తీసుకోకూడదు. విరాళమనో, అభివృద్ధి నిధి అనో పేరు మార్చి వసూలు చెయ్యడానికీ వీల్లేదు. నిజానికి అర శాతానికి కూడా నాకు కారణం కనిపించదు. నలభై లక్షల ఇంటికి ఇరవై వేలు, ఇరవై లక్షల ఇంటికి పది వేలు. రాసే పేరు పొడవు ఒకటే గదా!

2018లో సుప్రీం కోర్టు ఈ ట్రాన్స్ ఫర్ ఫీజుల మీద సొసైటీలు ఆదాయపు పన్ను కట్టనక్కర్లేదని తీర్పు చెప్పింది. సభ్యులు తమ దగ్గర తామే వసూలు చేసుకుని తమ ఉమ్మడి అవసరాలకే ఖర్చు పెట్టుకుంటే అది లాభం కాదు అన్నది దాని వెనక సూత్రం. కమిటీలవాళ్ళు తీర్పు మొదటి సగం గుర్తుంచుకుని రెండో సగం మర్చిపోతారు. ఉమ్మడి అవసరం అన్న మాట మీదే అంతా ఆధారపడి ఉంది.

ఉమ్మడి అవసరం ఏది? ఇక్కడే గుడి వస్తుంది. సూరత్ సొసైటీల్లో కామన్ ప్లాటులో చిన్న గుడి కట్టడం చూస్తూనే ఉన్నాం. వినాయక చవితికి, నవరాత్రికి ఫాళో అని వసూలు చేస్తారు, మన చందా లాంటిదే. పుస్తకం పట్టుకుని ఇంటింటికీ వచ్చి, ఇచ్చినంత తీసుకునే చందాతో నాకు పేచీ లేదు. ఇచ్చేవాడు ఇస్తాడు. పేచీ ఎక్కడంటే, అది మెయింటెనెన్స్ బిల్లులోకి చేరినప్పుడు. నాకు తెలిసిన ఒక సొసైటీ లెక్కల్లో పూజారి జీతం "సెక్యూరిటీ మరియు ఇతర సిబ్బంది" కింద రాశారు. దేవుడు కాపలా కాస్తాడని నమ్మేవాళ్ళకు అది సబబుగానే తోచి ఉండాలి. వోచరు మాత్రం అబద్ధం చెబుతోంది. మతం మీద భిన్నాభిప్రాయం ఉన్నవాడు దీన్ని అడగనక్కర్లేదు, లెక్కలు తెలిసిన భక్తుడు అడిగినా చాలు.

బహిరంగ స్థలాల్లో కొత్తగా గుళ్ళు, మసీదులు, చర్చీలు, గురుద్వారాలు అనుమతి లేకుండా కట్టనివ్వొద్దని 2009 సెప్టెంబరులో సుప్రీం కోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆ కేసు గుజరాత్ నుంచి వెళ్ళినదే. అయితే అది రోడ్లు, పార్కులు మొదలైన వాటి గురించి. సొసైటీ గోడ లోపలి కామన్ ప్లాటు సభ్యులందరి ఆస్తి. పిల్లలు ఆడుకునే జాగాలో నాలుగో వంతు గుడికి పోతే, అది నమ్మనివాడి పిల్లల జాగా కూడా.

దీని మీద మన మిత్రులే ఒక అభ్యంతరం చెబుతారు, అది బలమైనదే. "గుర్రం ఎక్కనివాడు గుర్రానికి కడుతున్నాడు. ఈత రానివాడు ఈతకొలనుకు కడుతున్నాడు. మొక్కనివాడు గుడికి కడితే తప్పేమిటి? ఉమ్మడి బతుకంటే అదే గదా?" నా సమాధానం రెండు భాగాలు. మొదటిది, ఎక్కనివాడు గుర్రానికి కట్టడం కూడా నాకు సమ్మతం కాదు. శాల గోడకు, పేడ ఎత్తడానికి అందరూ కట్టాలి. ఈగలు అందరి ఇళ్ళకూ వస్తాయి. స్వారీకి ఎక్కేవాళ్ళే కట్టాలి. రెండోది, గుర్రాలు దండగ అనిపిస్తే వచ్చే ఏడు సమావేశంలో తీర్మానం పెట్టి అమ్మెయ్యొచ్చు. అలా తీర్మానం పెట్టినవాణ్ణి ఎవరూ వెలివెయ్యరు. పూజారి జీతం ఆపుదాం అని తీర్మానం పెట్టి చూడండి. ఓటుకు పెట్టడానికి భయపడే ఖర్చును ప్రజాస్వామ్యం అనలేం. అందుకే గుర్రం ఎక్కేవాడు గుర్రానికీ, గుడికి మొక్కేవాడు గుడికీ వేరు పద్దులో కట్టుకోవాలి. ఒక అదనపు గడి గీస్తే సరిపోయే పని. అయిదు వందల రూపాయల కోసం ఇరుగుపొరుగుతో తగువెందుకు అని ఇంకో సలహా. ఆ అయిదు వందలు అంత చిన్న విషయమైతే కమిటీయే వదిలెయ్యొచ్చు గదా.

ఫీజుల కన్నా పెద్ద విషయం, గేటు లోపలికి ఎవర్ని రానిస్తారు అన్నది. అహ్మదాబాద్ లో పార్సీల హౌసింగ్ సొసైటీ ఒకటి 1926లో రిజిస్టరైంది. పార్సీలకే సభ్యత్వం అని దాని ఉపనియమం. ఒక సభ్యుడు తన బంగళా పడగొట్టి ఫ్లాట్లు కట్టి బయటివాళ్ళకు కూడా అమ్ముకోవాలనుకున్నాడు. కింది అధికారులు, హైకోర్టు అతని వైపు నిలిచాయి. 2005 ఏప్రిల్ లో సుప్రీం కోర్టు సొసైటీ వైపు తీర్పు చెప్పింది. సంఘం పెట్టుకునే స్వేచ్ఛ రాజ్యాంగం ఇచ్చింది, ఆ నియమం తెలిసే అతను సభ్యుడయ్యాడు, సహకార చట్టం దాన్ని నిషేధించలేదు అని.

చిన్న సమాజం తన ఉనికి కాపాడుకోవాలనుకోవడం నాకు అర్థమవుతుంది. కాని తర్కానికి సమాజం పెద్దదా చిన్నదా అన్న తేడా ఉండదు. ఒక మతం వాళ్ళకు చెల్లిన నియమం రేపు ఒక కులం వాళ్ళకూ, ఒక తిండి తినేవాళ్ళకూ చెల్లుతుంది. అమెరికాలో తెల్లవాళ్ళకే అమ్మాలని దస్తావేజుల్లో రాసుకునేవాళ్ళు. 1948లో అక్కడి సుప్రీం కోర్టు ఒక మాట చెప్పింది. మీలో మీరు ఏమైనా రాసుకోండి, దాన్ని అమలు చేసిపెట్టడానికి కోర్టులు మీకు సాయం రావు అని. ఇరవై ఏళ్ళ తర్వాత, 1968లో, చట్టమే అలాంటి వివక్షను నిషేధించింది. 1948లో వాళ్ళు వేసిన అడుగును 2005లో మనం వెయ్యలేదు. గుజరాత్ లో దీనికి తోడు 1991 నాటి కల్లోలిత ప్రాంతాల చట్టం ఉంది. సూరత్ లోనూ పలు ప్రాంతాలు దాని కిందికి వస్తాయి. అక్కడ ఇల్లు అమ్మాలంటే కలెక్టరు అనుమతి కావాలి. అల్లర్ల భయంతో అగ్గువకు అమ్ముకోవడాన్ని ఆపడానికని పెట్టిన చట్టం, ఎవరి వాడలో వాళ్ళుండటానికి గోడగా మారింది.

సూరత్ తెలుగువాళ్ళకు ఇది దూరపు విషయం కాదు. లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో కరీంనగర్, నల్గొండ, వరంగల్ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. కార్పొరేషన్ తెలుగు మాధ్యమం బడి కూడా నడుపుతోంది. మగ్గాల దగ్గర వాళ్ళ చేతులు కావాలి. మంచి సొసైటీలో ఫ్లాటు చూడబోతే మొదటి ప్రశ్న, "వెజ్ కదా?" చేప వాసన ఇబ్బంది అంటారు. ఇంగువ తాలింపు వాసన గోడ దాటదా? వాసన అసలు కారణమైతే వంటింటికి చిమ్నీ పెట్టమని రూలు పెట్టాలి. తినేవాణ్ణే వద్దంటే కారణం వాసన కాదు.

ఇదే ఊళ్ళో రూలు అంటే ఎలా ఉండాలో చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. 1994 సెప్టెంబరులో ప్లేగు వచ్చి జనం లక్షల్లో ఊరు వదిలి పారిపోయారు. మరుసటి ఏడాది కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు, మన తెలుగువాడే, అధికారుల్ని ఎ.సి. గదుల నుంచి వీధుల్లోకి దింపాడు. రోడ్డు మీద చెత్త వేస్తే జరిమానా, ఆక్రమిస్తే కూల్చివేత. పెద్దవాళ్ళ ఆక్రమణల్నీ వదల్లేదు. ఆ నియమాలకు కారణం అందరికీ తెలుసు. చెత్త ఉంటే ఎలుకలు, ఎలుకలుంటే రోగం. ఎవడు వేసినా చెత్త చెత్తే గనుక ఫలానా కులంవాడి చెత్త అన్న తేడా అందులో లేదు. కారణం ఉన్న నియమానికి మినహాయింపులు వెతకడం కష్టం. కొన్నేళ్ళలో సూరత్ పేరు శుభ్రమైన నగరాల జాబితాలోకి ఎక్కింది.

పార్సీ సొసైటీ తీర్పు గురించి కమిటీలవాళ్ళు చెప్పని సంగతి ఒకటుంది. ఆ సొసైటీ ఉపనియమంలో షరతు రాసి, రిజిస్టరు చేయించింది. సూరత్ లో "మనవాళ్ళకే" అనే సొసైటీల్లో చాలావాటి ఉపనియమాల్లో అలాంటి మాట ఉండదు. ప్రముఖ్ నోటి మాటే రూలు. గుజరాత్ సహకార చట్టం 24వ సెక్షన్ ప్రకారం అర్హత ఉన్నవాడికి సరైన కారణం లేకుండా సభ్యత్వం నిరాకరించకూడదు. నిరాకరిస్తే రిజిస్ట్రారు దగ్గరికి వెళ్ళొచ్చు. కాబట్టి ఇల్లు కొనబోయేవాళ్ళు బయానా ఇవ్వకముందే మూడు కాగితాలు అడగండి: ఉపనియమాల కాపీ, గత మూడేళ్ళ ఆడిట్ అయిన లెక్కలు, కిందటి సర్వసభ్య సమావేశం మినిట్స్. గుర్రాలుంటే శాల ఖర్చు విడిగా రాసిచ్చిన కాగితం కూడా. కాదన్నప్పుడు ఆ మాటే రాసి సంతకం పెట్టి ఇమ్మనండి.